టీకా వేయించాలా వద్దా? మన చరిత్ర చెప్పే మూడు సంగతులు

మా నాయనమ్మ ముఖం నిండా మశూచి మచ్చలుండేవి. ఆమె తోబుట్టువుల్లో ఇద్దరు అదే జబ్బుతో చిన్నప్పుడే పోయారు. ఆమె మాత్రం ఎప్పుడూ "జబ్బుతో పోయారు" అనలేదు, "అమ్మవారు తీసుకుపోయింది" అనేది. ఇంటికి వేపమండలు కట్టారనీ, పోపు పెట్టడం మానేశారనీ, చల్లటి నైవేద్యం పెట్టారనీ చెప్పేది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఆ దుఃఖాన్ని ఎలాగో భరించాలి కదా, అందుకు ఆ మాట పనికొచ్చిందేమో. పిల్లల్ని కాపాడడానికి మాత్రం పనికిరాలేదు.

ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. ఇంజనీరింగు చదువుకున్న పిల్ల. బాబుకి తొమ్మిదో నెల నిండింది, తట్టు టీకా వేయించమని నర్సమ్మ చెప్పి వెళ్ళింది. ఎవరో పంపిన మెసేజీలు చదివి భయపడింది. "నువ్వే కదా బాబాయ్, దేన్నీ గుడ్డిగా నమ్మొద్దని చెప్తావు. మరి టీకాని ప్రశ్నిస్తే తప్పేంటి?" అని అడిగింది.

తప్పేమీ లేదు. అయితే ప్రశ్న అడిగి ఊరుకోకూడదు, జవాబు దొరికేదాకా పోవాలి. మన ప్రాంతపు చరిత్రలోంచే మూడు సంగతులు చెబుతాను, వినండి.

మొదటిది మశూచి సంగతి. టీకాకి ముందే మన దేశంలో ఒక పద్ధతి ఉండేది. మశూచి పుండులోని పదార్థాన్ని ఆరోగ్యవంతుడి చర్మం గీరి ఎక్కించేవారు. బెంగాల్లో ఇది ఎలా జరిగేదో హాల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1767లో వివరంగా రాశాడు. పూజలు, పథ్యాలు దానికి చుట్టూ అల్లుకుని ఉండేవి గానీ లోపల ఉన్నది అనుభవ జ్ఞానమే. ప్రమాదం కూడా ఉండేది. ఎక్కించేది అసలు మశూచినే కాబట్టి కొందరు చనిపోయేవారు, చుట్టుపక్కల వాళ్ళకి అంటుకునేది.

ఎడ్వర్డ్ జెన్నర్ ఇంగ్లండులో 1796లో ఆవు మశూచితో చేసిన టీకా ఆ ప్రమాదాన్ని చాలావరకు తప్పించింది. ఆ మందు బాగ్దాద్, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అక్కడ మూడేళ్ళ పాపకి వేశారు. మన దేశంలో తొలి టీకా అదే. అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు కదా! ఒక బిడ్డ చేతి మీద పొక్కిన పొక్కులోంచి తీసి ఇంకో బిడ్డకి వేస్తూ, ఆ గొలుసు తెగకుండా మందుని ఊరూరా నడిపించారు. కులం పట్టింపు ఉన్న సమాజంలో ఒకరి చేతి రసి ఇంకొకరికి ఎక్కిస్తామంటే జనం ఒప్పుకుంటారా? పైగా ఇతర జబ్బులు అంటుతాయన్న భయం ఉంది, అది పూర్తిగా ఉత్త భయం కూడా కాదు.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. ఆవు మశూచి టీకా ధన్వంతరి పేరున ఉన్న పాత సంస్కృత గ్రంథంలోనే ఉందంటూ 1819లో మద్రాసు పత్రికలో ఒక లేఖ వచ్చింది. యూరప్ వైద్యులు కూడా దాన్ని నిజమనుకుని ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. డొమినిక్ వుయాస్టిక్ అనే సంస్కృత పండితుడు 1987లో ఆ ఆధారాలన్నీ తవ్వి చూసి, ఇది మంచి ఉద్దేశంతో చేసిన మోసమని తేల్చాడు. టీకా మీద జనానికి నమ్మకం కలిగించాలని ఎవరో ఆ శ్లోకాలు కల్పించారు. "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయిష" అనేవాళ్ళు ఈనాటికీ దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. టీకా నిజమే, శ్లోకం అబద్ధం. నిజాన్ని నిలబెట్టడానికి అబద్ధాన్ని గుంజగా పాతితే ఆ గుంజ రెండు వందల ఏళ్ళయినా ఊడిరాదు, చూడండి.

మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైంది. సోకినవారిలో పదిమందికి ముగ్గుర్ని చంపిన జబ్బు అది. పోలేరమ్మ జాతరలు ఇప్పటికీ జరుగుతున్నాయి, మశూచి మాత్రం లేదు. ఏది దాన్ని పంపించిందో వేరే చెప్పాలా?

రెండోది క్షయ టీకా, బి.సి.జి. ఇది మన మదనపల్లెకి సంబంధించిన కథ. 1948లో ఈ టీకాని మన దేశంలో మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ముఖ్యమైనది. అక్కడి శానిటోరియంలో ఫ్రిమోట్-మోలర్ అనే డేనిష్ వైద్యుడు ఉండేవాడు. 1951 నుంచి దేశమంతటా పెద్ద ఎత్తున వేయడం మొదలైంది.

1955లో రాజాజీ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. బతికున్న క్రిముల్ని లక్షలాది పసిపిల్లలకి ఎక్కిస్తున్నారే, ఇది పనిచేస్తుందని తగిన రుజువుందా అన్నది ఆయన వాదం. ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకాని సమర్థించారు. మనవాళ్ళలో చాలామంది రాజాజీని ఛాందసుడని కొట్టిపారేస్తారు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను.

కానీ తర్వాత ఏమైంది? 1968లో చెంగల్పట్టు జిల్లాలో భారత వైద్య పరిశోధనా మండలి సుమారు 2,60,000 మంది మీద పరీక్ష మొదలుపెట్టింది. కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది పడిందో వేసినవాళ్ళకీ తెలియదు. 1979లో తొలి ఫలితాలు వచ్చాయి. పెద్దవాళ్ళలో ఊపిరితిత్తుల క్షయని బి.సి.జి. ఆపలేదు! సైన్సు తన గొప్ప ఆశని తానే పరీక్షించి, ఫలితం చేదుగా ఉన్నా ప్రచురించింది. ఏ బాబాగారి విభూతికి ఇలాంటి పరీక్ష ఎప్పుడైనా జరిగిందా?

మరి రాజాజీ గెలిచినట్టేనా? కాదు. పసిపిల్లల్లో మెదడు పొరలకి వచ్చే క్షయనీ, ఒళ్ళంతా పాకే క్షయనీ బి.సి.జి. బాగా తగ్గిస్తుందని ఇతర అధ్యయనాలు చూపించాయి. అందుకే ఈనాటికీ పుట్టగానే వేస్తున్నారు. రుజువు అడగడంలో ఆయన తప్పు లేదు, రుజువు రాకముందే హానికరమని తీర్మానించడంలో ఉంది. టీకా పక్షం వాళ్ళు కూడా ఫలితం తెలియకముందే ఎక్కువ ఆశపెట్టారు.

మూడోది ఖమ్మం. 2009లో పాత్ అనే అమెరికన్ సంస్థ, వైద్య పరిశోధనా మండలి కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని నివారించే హెచ్.పి.వి. టీకా వేయించాయి. సుమారు 14 వేల మంది. వారిలో ఎందరో గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి పాముకాటు, పురుగుమందు, నీటిలో మునగడం, జ్వరం వంటి కారణాలు తేలాయి. టీకాకి సంబంధం కనబడలేదు. కానీ ఇంకో సంగతి బయటపడింది. ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ రెండు ప్రశ్నల్ని కలిపేయకూడదు. టీకా చంపిందా? లేదు. ఆ తల్లిదండ్రులకి అన్యాయం జరిగిందా? జరిగింది. మొదటి జవాబు చూపించి రెండోదాన్ని దాచేవాళ్ళూ, రెండోది చూపించి మొదటిదాన్ని తారుమారు చేసేవాళ్ళూ ఇద్దరూ మనల్ని మోసం చేస్తున్నట్టే. అడవిపల్లె తల్లిని అడగకుండా సూది వేస్తే ఆమె రేపు పోలియో చుక్కలవాళ్ళని చూసి కూడా తలుపు వేసుకుంటుంది.

ఇక మా అమ్మాయి ప్రశ్నకి వస్తాను. తట్టు టీకాకి ఆటిజంతో ముడిపెట్టింది వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు. 1998లో పన్నెండుమంది పిల్లల మీద రాసిన వ్యాసం అది. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. లక్షల మంది పిల్లలతో చేసిన అధ్యయనాల్లో ఆ సంబంధం ఎక్కడా కనబడలేదు. టీకా తర్వాత జ్వరం రావచ్చు, ఒంటిమీద పేలినట్టు రావచ్చు. అరుదుగా ఫిట్స్, అంతకన్నా అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు. అందుకే వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. తట్టు సోకితే మాత్రం నిమోనియా, మెదడువాపు, చూపు పోవడం, చావు దాకా ఉంటుంది. రెండు పళ్ళేల్లో ఏది బరువో తూచుకోవచ్చు.

"నన్ను నమ్మి వేయించకమ్మా, ఇది చదివి వేయించు. నర్సమ్మని నీ సందేహాలన్నీ అడుగు. చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకి ఉంది" అన్నాను.

వేయించింది. ఒకరోజు జ్వరం వచ్చి తగ్గిందట. మా నాయనమ్మ వాళ్ళమ్మకి ఇలా తూచుకునే అవకాశమే రాలేదు. ఆవిడకి దొరికినవి వేపమండలు మాత్రమే.