తల్లి కంచం, బిడ్డ రక్తపోటు

మన సంఘంలో పెళ్లికైనా పండుగకైనా నలుగురు పెద్దలు చేరితే రక్తపోటు ప్రస్తావన రాక మానదు. "అది మా వంశంలోనే ఉంది" అని సరిపెట్టుకోవడం మనకు వాడుకైపోయింది. అయితే వంశం నుంచి వచ్చేదంతా రక్తంలోనే రాదనీ, కొంత తల్లి తిన్న తిండి ద్వారా కూడా రావచ్చుననీ అమెరికాలో జరిగిన పరిశోధనల చరిత్ర సూచిస్తున్నది. ఆ చరిత్రను పాఠకుల ముందుంచడమే మా ఉద్దేశం.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1907 నుంచి 1911 వరకు 16 పెయ్యలను నాలుగు జట్లుగా చేసి మేపారు. ఒక జట్టుకు మొక్కజొన్న, ఒకదానికి గోధుమ, ఒకదానికి ఓట్సు, నాల్గవదానికి మూడింటి మిశ్రమం. కొలతలో పోషణ అంతా సమానమే. అయినా మొక్కజొన్న తిన్నవాటికి ఆరోగ్యమైన దూడలు పుట్టగా, గోధుమ తిన్నవాటి దూడలు చచ్చియో బలహీనంగానో పుట్టాయి. కారణం వెతకబోయిన అక్కడి శాస్త్రజ్ఞుడు ఎల్మర్ మెక్‌కాలమ్, మార్గరీట్ డేవిస్‌తో కలిసి ఎలుకలపై ప్రయోగాలు చేసి, వెన్నలో, గుడ్డుసొనలో పెరుగుదలకు అత్యవసరమైన పదార్థం ఒకటి ఉందని 1913లో ప్రకటించాడు. అదే తర్వాత విటమిన్ ఎ అనిపించుకున్నది. పాలు, ఆకుకూరలు మనిషిని కాపాడే ఆహారాలని 1918లో ఆయనే చాటాడు.

రేచీకటికీ విటమిన్ ఎ లోపానికీ గల సంబంధం అందరికీ తెలిసినదే. మూత్రపిండాల సంగతి అంతగా తెలియదు. సిన్సినాటి నగరపు పిల్లల వైద్యుడు జోసెఫ్ వార్కనీ, తన సహచరుడు జేమ్స్ విల్సన్‌తో కలిసి, చూలు ఎలుకలకు ఈ విటమిన్ లేని మేత పెట్టి చూశాడు. పుట్టిన పిల్లల మూత్రావయవాలలో లోపాలు కనిపించాయని వారు 1948లో వెల్లడించారు.

రక్తపోటుకు దారి ఇక్కడే పడింది. రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లనే సూక్ష్మభాగాలు మన మూత్రపిండాలలో లక్షల సంఖ్యలో ఉంటాయి. అవి తల్లి కడుపులోనే తయారవుతాయి. పుట్టిన తర్వాత కొత్తవి రావు. అవి తక్కువగా ఉన్నవారికి పెద్దయ్యాక రక్తపోటు రావచ్చునని బోస్టన్ వైద్యుడు బారీ బ్రెన్నర్ 1988లో ప్రతిపాదించాడు. తల్లికి విటమిన్ ఎ కొద్దిగా తగ్గినా ఎలుక పిల్లలలో నెఫ్రాన్లు తగ్గుతాయని 1998లో ఫ్రాన్సులో తేలింది. 2007లో వెలువడిన ఒక చిన్న పరిశీలనలో కెనడాలోని మాంట్రియల్ శిశువులకన్న బెంగళూరు శిశువుల మూత్రపిండాలు చిన్నవిగా కనిపించాయి. బెంగళూరు తల్లులలో చాలామందికి ఈ విటమిన్ తక్కువగా ఉంది.

ఇంతమాత్రాన విటమిన్ ఎ లోపమే రక్తపోటు తెస్తుందని మనుషుల విషయంలో రుజువైనట్లు కాదు. ఉప్పు, బరువు, వయస్సు, పొగాకు, మద్యం, ఇంటి వారసత్వం అన్నీ కారణాలే. కాని మన పూర్వీకుల కథ తెలిసినవారు ఈ మాటను తేలికగా తీసివేయలేరు. ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన మనవారికి తోటల యజమానులు కొలిచి ఇచ్చినది ముఖ్యంగా బియ్యం, పప్పు, ఉప్పు. కొన్నిచోట్ల ఎండుచేప. తెల్లని బియ్యంలో విటమిన్ ఎ లేదు. చెరకు తోటలో పనిచేసే చూలాలికి పాలూ ఆకుకూరా దొరికాయో లేదో ఏ యజమాని లెక్క రాశాడు?

బియ్యాన్ని మాత్రం నిందించరాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు తీవ్రమైన రక్తపోటు రోగులకు ఉప్పు లేని అన్నం, పండ్లు, చక్కెర మాత్రమే పెట్టి ఎందరికో పోటు తగ్గించాడు. ఆ ఫలితాలను 1944లో వైద్యుల సభలో చెప్పాడు. ఆయన కూడా ఆ అన్నానికి తోడు విటమిన్ ఎ తదితర విటమిన్లను విడిగా ఇవ్వవలసి వచ్చింది. అంటే ఉప్పు తీసివేయడం ఎంత అవసరమో, కొరత పూరించడమూ అంతే అవసరమన్నమాట.

అలాగని బిళ్లల సీసాల వెంట పడరాదు. పొగతాగేవారికి బీటా కెరోటీన్, విటమిన్ ఎ బిళ్లలు ఇచ్చి చూసిన ఒక పెద్ద అమెరికా పరిశోధనను 1996లో మధ్యలోనే ఆపివేశారు. బిళ్లలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు పెరగడమే కారణం. గర్భిణులకు విటమిన్ ఎ మోతాదు మించితే బిడ్డకే హాని. వైద్యుని మాట లేనిదే బిళ్ల ముట్టరాదు.

మన అవ్వలు పెరట్లో పెంచిన మునగాకు, తోటకూర, గుమ్మడి ఏ బిళ్లకూ తీసిపోవు. కాస్త నూనెతో వండితే అందులోని సారం ఒంటికి బాగా పడుతుంది. ఊరగాయ, ఎండుచేప తగ్గించి, గర్భిణి కంచంలో ముందుగా ఆకుకూర వడ్డించే ఆచారాన్ని ప్రతి ఇంటా నిలుపుకుందాం. ఓడ దిగిన తల్లులకు కొలిచి ఇవ్వనిదాన్ని, పుట్టబోయే మన మనుమలకైనా కొలత లేకుండా పెడదాం.