వీడియో ఆటల స్వయంచాలక పరీక్ష

నిర్మాణంలో ఉన్న వీడియో ఆటను కృత్రిమ మేధతో పనిచేసే ప్రోగ్రాముల చేత ఆడించి, అందులోని దోషాలను, కాఠిన్యాన్ని తెలుసుకొనే ప్రక్రియను '''వీడియో ఆటల స్వయంచాలక పరీక్ష''' అంటారు. ఇలా ఆడే ప్రోగ్రామును బాట్ అంటారు. ఆటలోని పాత్ర గోడలోంచి దూరిపోవడం, ఒక మూలలో ఇరుక్కొని కదలలేకపోవడం వంటివి దోషాలు. ఒక లెవెల్ దాటడానికి ఎన్ని ప్రయత్నాలు పడతాయన్నది కాఠిన్యానికి కొలమానం.

ఆటలో సమతూకం కొత్త సమస్యేమీ కాదు. పులిజూదంలో సాధారణంగా 3 పులులు, 15 మేకలు ఉంటాయి. మేకలు బాగా తగ్గితే పులులదే పైచేయి, మరీ పెరిగితే పులులు కదలలేవు. ఆ లెక్క అరుగుల మీద తరతరాలుగా ఆడగా కుదిరినదనుకోవచ్చు. వీడియో ఆట నిర్మాతలకు అంత వ్యవధి ఉండదు.

== పద్ధతులు ==
పాత పద్ధతిలో బాట్ ఏ మెట్టు ఎక్కాలో, ఎక్కడ దూకాలో ముందే రాసిపెట్టేవారు. ఆటలోని పటం కాస్త మారినా ఆ స్క్రిప్టు పనికిరాదు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో దారి చెప్పరు. లక్ష్యానికి చేరువైతే పాయింట్లు ఇస్తారు, బాట్ పడుతూ లేస్తూ నేర్చుకొంటుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ పరిశోధన విభాగమైన సీడ్ 2020లో ఈ పద్ధతితో ఆటలోని అడ్డదారులను, ఇరుక్కుపోయే చోట్లను పట్టుకోవచ్చునని చూపింది. 2021లో అదే విభాగం, ఇంతవరకు చూడని చోటికి వెళితే బహుమతి ఇచ్చే బాట్‌లను ప్రయోగించింది. ఈ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో ఉంది.

== మనిషిలా ఆడటం ==
బాట్ అతి నేర్పుగా ఆడినా చిక్కే. దానికి సులువైన లెవెల్ కొత్తవారికి కొరుకుడు పడకపోవచ్చు. అందుకే కాండీ క్రష్ సాగా నిర్మాతలైన కింగ్ సంస్థ, అసలు ఆటగాళ్ళు వేసిన ఎత్తులతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణనిచ్చింది. గెలిచే ఎత్తును కాక, మనిషి వేయగల ఎత్తును ఊహించడమే దాని పని. అంతకుముందు వాడిన మాంటీ కార్లో ట్రీ సెర్చ్ కంటే ఇది కాఠిన్యాన్ని మరింత సరిగా, ఎంతో వేగంగా అంచనా వేసిందని 2018లో ఆ సంస్థ పరిశోధకులు ప్రకటించారు. కొత్త లెవెల్ విడుదలకు ముందే ఈ అంచనా చేతికందుతుంది.

== పరిమితులు ==
ఆటల పరిశ్రమలో చాలామందికి తొలి ఉద్యోగం పరీక్షకుడిదే. ప్రతి గోడనూ గుద్ది చూడటం వంటి విసుగు పని బాట్‌కు పోతే ఆ తొలిమెట్టు ఇరుకవుతుంది. అయినా ఆట రసవత్తరంగా ఉందో లేదో బాట్ చెప్పలేదు. దోషాన్ని దోషమని కూడా ఎరగదు. 2016లో ఓపెన్ ఏఐ పరిశోధకులు కోస్ట్ రన్నర్స్ అనే పడవ పందెం ఆడించగా, బాట్ పందెం పూర్తి చేయకుండా ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ పాయింట్లు పోగుచేసుకొంది. 2018లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బాట్, 1980ల నాటి క్యూబర్ట్ ఆటలో ఒక దోషాన్ని ఆసరా చేసుకొని పది లక్షలకు చేరువగా పాయింట్లు సాధించింది. బాట్‌కు అది గెలుపు మాత్రమే. అది ఆటలోని దోషమని గుర్తించినది పరిశోధకులు.