అకాలపుష్పము

క్రీ. శ. 2015వ సంవత్సరము డిసెంబరు మాసమున ఇంగ్లండు దేశమునకు చలి రాదయ్యెను. ఆ దేశపు మధ్యభాగమునకు 1659 మొదలుకొని నెలనెలకును ఉష్ణమానపు పట్టిక యున్నది. యంత్రసహాయముతో కొలిచిన పట్టికలలో ఇంత దీర్ఘమైనది లోకమున మఱియొకటి లేదు. 1961 మొదలు 1990 వఱకు గల ముప్పది యేండ్లలో డిసెంబరు నెల సగటు ఉష్ణము 4.6 సెంటిగ్రేడు డిగ్రీలు. 1934, 1974 సంవత్సరములలో కనబడిన 8.1 డిగ్రీలే అంతవఱకు డిసెంబరునకు పరమావధిగా నుండెను. 2015లో అది సుమారు 9.7 డిగ్రీలకు ఎక్కెను. శీతకాలము గడచిన పిమ్మట విరియవలసిన డాఫొడిల్ పూలు పెక్కు తోటలలో క్రిస్మస్ పండుగకు ముందే విరిసినవి. ఆ దేశమందలి వృక్షశాస్త్రసంఘమువారు ఏటేట నూతన సంవత్సరారంభమున మూడు నాలుగు దినములు పొలములు, వీథులు, చెలకలు తిరిగి పూచియున్న మొక్కలను లెక్కించుట ఆచారము. 2015 ఆరంభమున వారికి 368 జాతులు కనబడగా, 2016 ఆరంభమున 612 జాతులు కనబడెను.

ఇట్టి పూవులను మన వాఙ్మయము అకాలపుష్పములని వ్యవహరించును. ఈ పదమందలి నఞ్ యొక్క అర్థమేమి యను ప్రశ్న వైయాకరణులకు సహజముగా కలుగును. సాదృశ్యము, అభావము, తదన్యత్వము, తదల్పత్వము, అప్రాశస్త్యము, విరోధము అని నఞర్థములు ఆఱు చెప్పబడినవి. వీనిలో అభావము ఇచ్చట పొసగదు. కాలమే లేనిచోట పూవు పూయుట యెట్లు? సాదృశ్యాల్పత్వములును దూరములు. మిగిలిన వానిలో అప్రాశస్త్యము గ్రహింతుమా, అకాలపుష్పము చెడుకాలమును సూచించు పూవగును. తదన్యత్వము గ్రహింతుమా, తనకు విధింపబడిన కాలముకంటె వేఱైన కాలమున పూచిన పూవు మాత్రమగును. మొదటి యర్థము శకునశాస్త్రమునకు దారితీసినది. రెండవ యర్థమునకు చిక్కొకటి కలదు. ప్రతియోగిజ్ఞానము లేనిదే భేదజ్ఞానము కలుగదని తార్కికుల మతము. పూవునకు తన కాలమేదో యెఱిగిననే గదా ఇది దానికంటె వేఱని చెప్పవలసినది? ఆ యెఱుక యెచ్చట నుండి వచ్చును?

వ్యాకరణము ఆ యెఱుక సిద్ధమైయున్నట్లే భావించినది. పాణిని చతుర్థాధ్యాయ తృతీయపాదమందలి 43వ సూత్రమున కాలవాచకములపై తద్ధితప్రత్యయములను విధించుచు, 'ఆ కాలమున పుష్పించునది' యను నర్థమును గూడ చెప్పెను. కాశికాకారులు దీనికి కుందలతను వాసంతిగను, పాటలను గ్రైష్మిగను ఉదాహరించిరి. అనగా పూచెడి కాలమే మొక్కకు విశేషణమైనది. లోకమున అందఱెఱిగిన విషయము కానిచో ఇట్టి ప్రత్యయము పుట్టనే పుట్టదు. ఆ వాసంతి యే హేమంతముననో పూచెనేని దాని పేరేమి కావలయునని వృత్తికారులు విచారింపలేదు. అది వారి పని గాదు.

ఆ విచారము దైవజ్ఞులది. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు ఈ విషయమును మూడు చోట్ల స్పృశించెను. కుసుమలతాధ్యాయమున ఏ చెట్టు విరివిగా పూచిన ఏ ధాన్యము, ఏ వస్తువు సమృద్ధమగునో చెప్పెను. ఇది చూపుమీద ఆధారపడిన లెక్కకు దగ్గఱగా నున్న ప్రకరణము. ఉత్పాతాధ్యాయమున వృక్షవికారములను చెప్పుచు, అకాలమున పూచుట కాచుట మున్నగువానికి రాజ్యనాశాది ఫలములను, శాంతులను విధించెను. ఆ యధ్యాయముననే వృష్టివికారముల నడుమ శీతోష్ణములు తాఱుమాఱగుటను, ఋతువులు చక్కగా ప్రవర్తింపకుండుటను పేర్కొని, ఆఱునెలలలో రాష్ట్రభయము, రోగభయము కలుగునని చెప్పెను.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. చలికాలమున వేడిమి కలుగుట, చలికాలమున పూవు పూయుట అను నీ రెంటిని వరాహమిహిరుడు ఎఱుగును. కాని మొదటిది వృష్టిప్రకరణమున, రెండవది వృక్షప్రకరణమున ఉండిపోయినవి. ఒకటి కారణము, ఒకటి కార్యము అను మాట లేదు. రెండును మానవుల అపచారమువలన దేవతలు కల్పించిన సూచనలుగా పక్కపక్కన నిలిచినవి. అయినను ఆచార్యుని గుడ్డినమ్మకము గలవానిగా నెంచుట న్యాయము గాదు. అధ్యాయాంతమున ఋషిపుత్రుని మతము ననుసరించి, ఏయే ఋతువున ఏయే వింతలు స్వభావసిద్ధములో, కావున దోషము కానివో యొక పట్టిక నిచ్చెను. భయపడదగినదానిని భయపడదగనిదానినుండి వేఱుపఱుపవలెనను నియమము ఆతనికి కలదు. ఆతనికి లేనిది తేదులు వేసిన పుస్తకము.

కవులకు ఈ భయము లేదు. కుమారసంభవ తృతీయసర్గమున మన్మథునకు తోడుగా వసంతుడు హరుని తపోవనమున అకాలమున విజృంభించును. అశోకము పదతాడనమునకు వేచియుండక పూచును. రామాయణమున శ్రీరాముడు భరద్వాజుని వేడి, అయోధ్యామార్గమందలి చెట్లు అకాలమున ఫలించునట్లు వరము పొందెను. కావ్యమున అకాలపుష్పము ఒకచో ఉద్దీపనము, ఒకచో మంగళము. సంహితలో మాత్రమే ఉత్పాతము.

తేదులు వేసిన పుస్తకము ఇంగ్లండున నార్ఫోకు మండలమందలి స్ట్రాటన్ స్ట్రాలెస్ అను గ్రామమున పుట్టినది. రాబర్ట్ మార్షమ్ (1708–1797) అను భూస్వామికి చెట్లు నాటుటయందు మిక్కిలి మక్కువ. ఆయన 1736లో వసంతచిహ్నములను వ్రాసిపెట్ట నారంభించెను. స్నోడ్రాప్ అను తెల్లపూవు తోటలో మొదట విరిసిన దినము, ఓక్ మున్నగు చెట్లు ఆకు తొడిగిన దినము, కప్పలు బెకబెకలాడిన దినము, కోయిలజాతి పక్షి మొదట కూసిన దినము, వాన కోవెల రాకవలె ఆ దేశీయులు ఎదురుచూచు స్వాలో పక్షి వచ్చిన దినము, ఇట్లు ఇరువదియేడు చిహ్నములు. అర్ధశతాబ్దికిపైగా వ్రాసిన పిదప 1789లో రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటించెను. ఆయన గతించిన పిమ్మట వంశీయులు, నడుమ కొంతకాలము విచ్ఛిన్నమైనను, 1958 వఱకు ఆ పనిని సాగించిరి. సిద్ధాంతమేమియు చెప్పక ఒక కుటుంబము రెండు శతాబ్దులకు పైగా పూవుల దినములు వ్రాయుట పండితులకు సైతము ఆశ్చర్యకరమే. మన తాళపత్రగ్రంథముల వెనుక లేఖకులు తిథివారములు వ్రాసిన శ్రద్ధ యిట్టిదే. కాని ఆ శ్రద్ధ గ్రంథసమాప్తికి మాత్రమే వినియోగపడినది, పెరటిలోని మల్లెకు వినియోగపడలేదు.

మార్షమ్ ఆరంభించుటకు ముందటి సంవత్సరము, 1735లో, ఫ్రాన్సున రెయోమూర్ దినదినపు ఉష్ణమును కూడి చూచిన, పంట పండుటకు వలయు మొత్తము తెలియునని ప్రతిపాదించెను. 1751లో స్వీడను దేశీయుడగు లిన్నేయస్ తన ఫిలాసఫియా బొటానికా గ్రంథమున ఆకులు, పూవులు, పండ్లు పుట్టు దినములతో కూడిన పుష్పపంచాంగములు ప్రతిదేశమునకును వ్రాయవలెనని బోధించెను. 1849లో బెల్జియము పండితుడు మొర్రెన్ ఈ శాస్త్రమునకు ఫినాలజీ యని పేరు పెట్టెను. వరాహమిహిరుని వేఱువేఱు ప్రకరణములలో నిలిచిన ఉష్ణమును, పూవును ఈ విధముగా ఒక్క ప్రకరణమున చేరినవి.

తేది వేసినంత మాత్రమున లెక్క సిద్ధించునని తలపరాదు. 1752లో ఇంగ్లండు పాత పంచాంగమును విడిచి క్రొత్తది గ్రహించినపుడు సెప్టెంబరు 2 తరువాతి దినము సెప్టెంబరు 14 అయ్యెను. ఈ పదునొకండు దినముల భేదమును సవరింపనిచో 1752కు పూర్వపు పూవులన్నియు తరువాతివానికంటె పదునొకండు దినములు ముందు పూచినట్లు కనబడును. ఇందు పూవు జరుగలేదు, లెక్క జరిగినది. చాంద్రమానము ననుసరించు మన పంచాంగమున ఈ చిక్కు మఱింత పెద్దది. అధికమాసము గడచిన మఱుసటి యేట చైత్రశుద్ధపాడ్యమి వెనుకకు జరుగును, తక్కిన యేండ్లలో ముందునకు వచ్చును. అయనచలనముచేత మకరసంక్రాంతికిని నిజమైన ఉత్తరాయణారంభమునకును మూడు వారములకు మించిన యెడము ఏర్పడినది. చైత్రమున వేప పూచెనని వ్రాసిన వ్రాతతో వేప యే యేట ముందు పూచెనో నిర్ణయింపజాలము.

మార్షమ్ వృద్ధాప్యమున ఒక విచిత్రము సంభవించెను. 1795 జనవరి సగటు ఉష్ణము సున్నకు మూడు డిగ్రీలు దిగువన నుండెను. మధ్య ఇంగ్లండు పట్టికలో అంత చల్లని జనవరి మఱి లేదు. మఱుసటి యేట, 1796 జనవరి సగటు 7.3 డిగ్రీలు, 1916 వఱకు దానిని మించిన జనవరి రాలేదు. వరుసగా రెండేండ్లలో రెండు పరమావధులు. వెచ్చని శీతకాలము నేటి వింత మాత్రము గాదనుటకు ఇది చాలును. ఒక్క యేటి వేడిమిని చూచి కాలమే మాఱినదని తీర్పు చెప్పరాదనుటకును ఇదే చాలును.

'పూచినది' యను క్రియయందు సైతము వివేకము వలయును. మెదకు మండలమందలి కొలిచెలమవారగు మల్లినాథసూరి మేఘసందేశవ్యాఖ్యలో దీనిని గూర్చి చక్కని మాట చెప్పియున్నారు. అలకాపురియందు ఆఱు ఋతువుల పూవులును ఒక్కమారు కలవని చెప్పు శ్లోకమున కుందము హేమంతమునకు చిహ్నముగా వచ్చినది. కుందము శిశిరపుష్పము గదా యని శంకించి, హేమంతమున దాని ప్రాదుర్భావము, శిశిరమున ప్రౌఢత్వము అని వ్యవస్థ చేసిరి. రసజ్ఞులు దీనిని కావ్యసమర్థనగా మాత్రమే చదువుచున్నారు. కాని పుష్పకాలము లెక్కించువారికి మొదటి మెట్టు ఈ భేదమే. మార్షమ్ వ్రాసినది ప్రాదుర్భావము. జపానున క్యోటో నగరమున తొమ్మిదవ శతాబ్దినుండి రాజసభలవారు, భిక్షువులు తమ దినచర్యలలో వ్రాసిన చెర్రీపూల తేదులు ప్రౌఢత్వమునకు సంబంధించినవి. ఉత్సవము నిండుగా పూచిననాడే గదా. ఆ లెక్కలో 1409వ సంవత్సరపు మార్చి 27 మిక్కిలి ముందుదిగా నుండగా, 2021లో మార్చి 26ననే పూలు నిండుగా విరిసినవి. రెండు జాతుల తేదులను ఒక్కచో కలిపిన యెడల ఫలితము వ్యర్థమగును. కాశికలో కుందలత వాసంతి, మేఘసందేశమున కుందము హేమంతపుష్పము అయిన వైరుధ్యమునకు సైతము మల్లినాథుని మాట కొంత దారి చూపవచ్చును. లేదా కుందలత వేఱొక మొక్క యని సమాధానము చెప్పుకొనవలయును.

2016 ఆరంభమున లెక్కింపబడిన 612 జాతులను ఈ దృష్టితో పరిశీలించినవారికి ఊహింపని విషయము తెలిసినది. వానిలో అధికభాగము ముందుగా వచ్చిన వసంతపుష్పములు కావు. చలి రానందున వాడిపోక నిలిచిన శరత్పుష్పములు. రాబోవు కాలమునకు చెందినవి కొలది మాత్రమే. అకాలపుష్పమను ఒక్క పదము గతకాలపు శేషమును, అనాగతకాలపు ఆగమమును గూడ కప్పివేయుచున్నది. డాఫొడిల్ రెండవ తెగకు చెందినది కావున అందఱి కన్ను దానిమీదనే పడినది.

ఈ రెండవ తెగవానికే ప్రమాదము. శీతదేశపు చెట్ల మొగ్గలు శీతకాలమున నిద్రించును. కొంత చలి తిన్నగాని నిద్ర తీఱదు. తీఱిన పిమ్మట కొంత వెచ్చదనము కూడినగాని విరియవు. చలి చాలినంత తిని యున్న మొగ్గకు వేళగాని వేడిమి తగిలిన, వెనుక రానున్న మంచు నెఱుగక విచ్చుకొనును. 2012 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఇట్లే జరిగెను. మార్చి మాసమున వేసవివంటి యెండ కాచి చెర్రీచెట్లు వారములకొలది ముందు మేల్కొన్నవి. ఏప్రిలులో మాటిమాటికి మంచు పడి, ఆ రాష్ట్రపు పుల్లచెర్రీ పంటలో నూటికి తొంబది పాళ్లు నశించెను. అకాలపుష్పము కీడునకు సూచకమన్న సంహితావాక్యము ఆ తోటలవారికి అక్షరాల సత్యమైనది, అయితే వారికి కావలసియుండినది శాంతి కాదు, ఏప్రిలు చలి దాటువఱకు మొగ్గను నిద్రింపజేయు ఉపాయము.

ఒక్క యేటి వింతయా, కాలమే కదలినదా యను ప్రశ్నకు దీర్ఘమైన లెక్కలే ఉత్తరము చెప్పగలవు. ఆక్స్‌ఫర్డు ప్రాంతమున రిచర్డ్ ఫిట్టర్ అను ప్రకృతిపరిశోధకుడు నలుబదేడు సంవత్సరములు తొలిపూవుల దినములను వ్రాసిపెట్టెను. ఆయన కుమారునితో కలిసి 2002లో ప్రకటించిన ఫలితమునుబట్టి, 385 జాతుల తొలిపూవు 1990 తరువాతి దశాబ్దమున, అంతకు ముందటి నాలుగు దశాబ్దములకంటె సగటున నాలుగున్నర దినములు ముందునకు జరిగినది. వైట్ డెడ్‌నెటిల్ అను మొక్క మార్చి నడుమ పూచునది, జనవరిలోనే పూయ నారంభించెను. 2022లో కేంబ్రిడ్జి పండితులు 1753 మొదలు 2019 వఱకు బ్రిటనున వ్రాయబడిన నాలుగు లక్షలకు పైబడిన తేదులను, 406 జాతులకు సంబంధించినవానిని, సమకూర్చి పరీక్షించిరి. 1986 వఱకు గల సగటుకంటె, 1987 తరువాతి సగటు సుమారు ఒక నెల ముందునకు వచ్చినది.

ఈ లెక్క నఞర్థవిచారమును మరల తలక్రిందు చేయుచున్నది. తదన్యత్వమునకు ప్రతియోగిగా నిలిచిన 'తత్' కదలిపోయినది. 1796లో జనవరి పూవును చూచిన మార్షమ్ దానిని అకాలపుష్పమని చెప్పుటకు ఆయనకు అరువదేండ్ల పుస్తకము సాక్షిగా నుండెను. నేడు జనవరిలో డెడ్‌నెటిల్ పూచుటను అకాలమనుటకు 1953వ సంవత్సరపు కాలమును ప్రతియోగిగా గ్రహింపవలయునా, 1993వ సంవత్సరపుదానినా? మొదటిదానిని గ్రహించిన ఏటేట అకాలమే. రెండవదానిని గ్రహించిన అది కాలపుష్పమే, పాణినీయమున దానికి శైశిరియను తద్ధితరూపమును నిరాక్షేపముగా సిద్ధించును. స్ట్రాటన్ గ్రామపు పుస్తకము 1958లో ఆగినది కావున, వేఱొక కాలమునకు చెందిన సాక్షిగా అది యిప్పటికిని నిలిచియున్నది.