కుక్కబొమ్మ ప్లేటు

రేడియో మన ఇండ్లకు రాకపూర్వం పాట వినిపించిన యంత్రం గ్రామఫోను. నల్లని ప్లేటు నడుమ గుండ్రని కాగితం. దానిమీద బాకా ఎదుట చెవి యొగ్గి కూర్చున్న తెల్లకుక్క. అక్కడ ఇంగ్లీషు అక్షరాలును ఉండేవి. వాటిని చదువగలిగినవారు ఆనాడు ఎందరు? అయినను అంగడిలో కుక్కబొమ్మను చూచి ప్లేటును పోల్చుకొనుటకు ఆ అక్షరాలతో పని లేకపోయినది.

చిత్రమేమనగా, ఎవరికిని అర్థం కాదని మొదట త్రోసివేయబడిన బొమ్మ ఇది. ఫ్రాన్సిస్ బారో అనే ఆంగ్ల చిత్రకారునికి, 1887లో సోదరుడు మరణించగా, నిప్పర్ అనే కుక్క సంక్రమించినది. ఫోనోగ్రాఫు మ్రోగినప్పుడు ఆ ధ్వని ఎక్కడిదా అని అది తల వంచి ఆలకించేదట. 1895లో కుక్క చనిపోయినది. తరువాత బారో ఆ దృశ్యాన్ని చిత్రించి ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’, అనగా తన యజమాని కంఠస్వరం, అని పేరు పెట్టినాడు. రాయల్ అకాడమీ దానిని ప్రదర్శనకు స్వీకరించలేదు. ఆ కుక్క ఏమి చేయుచున్నదో ఎవరికి తెలియునని పత్రికలవారు తిప్పిపంపినారు.

1899లో, బొమ్మలోని నల్లబాకాకు బదులు ఇత్తడిబాకా వేయదలచి, నమూనా ఎరువడుగుటకు బారో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీకి వెళ్ళినాడు. ఫోనోగ్రాఫును తుడిచివేసి తమ యంత్రాన్ని చిత్రించినచో కొందునన్నాడు అక్కడి మేనేజరు విలియం బారీ ఓవెన్. బొమ్మకు 50 పౌనులు, హక్కులకు 50 పౌనులు ముట్టినవి.

కంపెనీకి అదివరకే ఒక గుర్తు ఉన్నది: ఈకకలంతో ప్లేటుమీద వ్రాయుచున్న దేవత. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది ఆ దేవత రోజులలోనే. ఆమె పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకొన్నది, గొంతే గుర్తయినదన్నమాట. కుక్క ప్లేట్లమీదికి వచ్చినది 1909లో. దేవత మాసిపోయి కుక్క నిలుచుటకు కారణం నాకు ఇట్లు తోచుచున్నది: దేవత యంత్రం చేయు పనిని చూపినది, కుక్క మనం చేయు పనిని చూపినది. ప్లేటు వేసి ఇంటిల్లపాది బాకా ముందు చేరినప్పుడు బొమ్మలోని భంగిమ గదిలోనే కనబడేది. పాట మారినది, పాడినవారు మారినారు, భాష మారినది, కుక్క కదలలేదు. ఇట్లు వేలసార్లు చూచి విన్న పిమ్మట, ఒకప్పుడు ఎవరికిని తెలియదన్నది పసిపిల్లలకు సైతం తెలిసిపోయినది. కంపెనీ అసలు పేరు మరుగుపడి, బొమ్మ పేరే దానికి వాడుకపేరయినది.

అయితే బొమ్మను గుర్తించుట వేరు, దాని యజమానిని గుర్తించుట వేరు. అదే కుక్క అమెరికాలో విక్టర్ కంపెనీది, 1929 తరువాత ఆర్.సి.ఎ. వారిది, జపానులో మరొకరిది. అందుచేత 1950ల నాటికి బ్రిటిషు కంపెనీ తన ప్లేట్లను అమెరికాలో అమ్ముకొనుటకు కుక్కను విడిచి, మరల ఆ పాత దేవతనే ఆశ్రయింపవలసివచ్చినది!

బారో 1924లో మరణించినాడు. అంతలోపల కంపెనీ కోరికపై అదే బొమ్మకు 24 నకళ్ళు స్వయంగా చిత్రించి ఇచ్చినాడు. మొదటి పటంలో మాత్రం, వెలుతురు అనుకూలించినప్పుడు, గ్రామఫోను రంగుక్రింద పాత ఫోనోగ్రాఫు ఆకృతి పోల్చుకొనవచ్చును.