చెన్నపట్నం పాత దీపస్తంభాలు: హైకోర్టు గోడ వెనుక ఉన్న రెండు

చెన్నపట్నం తీరదీపం ఇప్పటికి నాలుగు చోట్ల వెలిగింది. వాటిలో రెండు మద్రాసు హైకోర్టు ప్రహరీ లోపలే ఉన్నాయి. ప్యారిస్ కార్నర్ మీదుగా రోజూ వెళ్లే మనవాళ్లు ఎర్ర గోపురాన్ని చూస్తారు గాని, అదే ఆవరణలోని రాతి స్తంభాన్ని గుర్తించేది తక్కువ. అందుకే ఈ వివరాలు.

మొదటిది (1796): సెయింట్ జార్జి కోటలో ఎక్స్ఛేంజి భవనం మీద కొబ్బరినూనె దీపాలు వెలిగించేవారు. ఇప్పుడు ఆ భవనమే కోట మ్యూజియం.

రెండవది (1844): అప్పట్లో మద్రాసుకు కట్టిన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులూ సరుకులూ మసూలా పడవల మీద ఒడ్డుకు చేరేవి. రాత్రిపూట తీరం ఆనవాలు తెలియడం ప్రాణావసరం. కోటకు ఉత్తరాన ఉన్న మైదానంలో మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె.టి. స్మిత్ ఆధ్వర్యంలో 1838లో పని మొదలైంది. గ్రీకుల డోరిక్ పద్ధతిలో సుమారు 125 అడుగుల స్తంభం లేచింది. యాభై ఏళ్లు అదే దారి చూపింది.

మూడవది (1894): 1892 జూలై 12న హైకోర్టు కొత్త భవనం ప్రారంభమైంది. దాని పెద్ద గోపురం స్తంభం కంటే ఎత్తు కాబట్టి, రెండేళ్లకు దీపం అక్కడికి మారింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసుపై గుండ్లు కురిపించినప్పుడు వెలుగుతున్నది ఈ దీపమే. హైకోర్టు తూర్పు వైపు ఆ దాడిని తెలిపే ఫలకం ఉంది.

1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ అప్పీళ్లన్నీ ఈ గోపురం కిందికే వచ్చేవి. దావాల కోసం వచ్చిన మన పెద్దలకు ఇది తెలిసిన చోటే.

నాలుగవది (1977): మెరీనా ఒడ్డున ఉన్నది. ఇప్పుడు పనిచేస్తున్నది ఇదే.

చూడాలంటే: హైకోర్టు ఆవరణ కట్టుదిట్టమైన భద్రతలో ఉంది. కోర్టు పని గాని, ముందస్తు అనుమతి గాని లేనిదే లోపలికి వెళ్లడం కష్టం. ఆ దారిపై ప్రజలకు హక్కు ఏర్పడకుండా ఏటా ఒక రోజు గేట్లన్నీ మూసివేసే పాత ఆచారం కూడా ఉంది. మెరీనా దీపస్తంభం మాత్రం 2013 నుంచి టికెట్టుపై సందర్శకులకు తెరిచారు. దానికి లిఫ్టు ఉంది గనుక పెద్దవాళ్లకూ ఇబ్బంది లేదు. కోట మ్యూజియానికి గుర్తింపు కార్డు తీసుకెళ్లండి.

దీపం పోయిన స్తంభం గురించి అడిగేవారు లేకపోతే మరమ్మతు గురించి పట్టించుకునేవారూ ఉండరు. హైకోర్టు మెట్రో స్టేషనులో దిగినప్పుడు పిల్లలకు గోపురంతో పాటు ఆ స్తంభాన్నీ చూపించండి. ముందు పుట్టింది అదే.