‘వెరోనికా’ - ఒక మాట పుట్టుక

హెమింగ్వే 1932లో ప్రచురించిన ‘డెత్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్’ చదువుతూ ‘వెరోనికా’ అనే మాట దగ్గర నేను పొరబడ్డాను. స్పెయిన్ ఎద్దుపోరులో మటడోర్ రెండు చేతులతో కేప్ పట్టుకుని, మీదికొస్తున్న ఎద్దును ఆ గుడ్డ వెంటే తన పక్కనుంచి సాగనంపే కదలిక అది. సిలువ మోస్తున్న క్రీస్తు ముఖం తుడిచిన స్త్రీ పేరు వధకు ముందు జరిగే ఆటకు పెట్టారంటే అది మతం మీద వ్యంగ్యమేనని ఒక సాహిత్య సభలో ధీమాగా చెప్పాను. జవాబు అదే పుస్తకం చివరి పదకోశంలో ఉంది. నేను అంతదాకా వెళ్లలేదు.

వెరోనికా పేరు సువార్తల్లో లేదు, తరవాతి ఐతిహ్యంలోది. ఆమె వస్త్రం మీద క్రీస్తు ముఖం అచ్చుపడిందని కథ. లాటిన్ ‘వేరా’కు గ్రీకు ‘ఐకాన్’ను అతికించి ‘నిజప్రతిమ’ అని మధ్యయుగ పండితులు అర్థం చెప్పారు. నిజానికి అది ‘బెరెనికే’ అనే గ్రీకు పేరుకు రూపాంతరం. (ఇటువంటి వ్యుత్పత్తులు కల్పించడంలో మన పండితులూ తక్కువ తినలేదు.) ఎల్ గ్రెకో చిత్రంలో ఆమె ఆ వస్త్రాన్ని రెండు చేతులా పరచి మనకెదురుగా పట్టుకుని ఉంటుంది. మన కతోలిక దేవాలయాల్లో సిలువ మార్గం ఆరవ స్థలం కూడా ఆమెదే.

మటడోర్ మొదట్లో నిలబడిందీ అలాగే, ఎద్దుకు ఎదురుగా, రెండు చేతులా గుడ్డ పరచి. గుడిలో బొమ్మను రోజూ చూసే జనానికి ఆ భంగిమ చూడగానే ఆ పేరే నోటికొచ్చింది. పేపే ఇల్యో అనే మటడోర్ పేరుతో 1796లో వెలువడిన ‘టౌరొమాకియా’లో అప్పటికే ఈ మాట ఉంది. అతడు 1801లో మాడ్రిడ్‌లో ఎద్దు కొమ్ములకే బలయ్యాడు. కాలక్రమాన మటడోర్ పక్కకు తిరిగి నిలబడటం మొదలైంది, చేతులు కిందికి దిగాయి. పోలిక పోయింది, పేరు మిగిలింది.

కనుక ఇది వ్యంగ్యం కాదు. నెత్తుటి ప్రసక్తీ లేదు. వెరోనికా పోరు మొదటి ఘట్టంలోది, సాధారణంగా పికడోర్ బల్లెం ఎద్దు మెడలో దిగకముందే మొదలవుతుంది. అయినా నాకు మనసొప్పని సంగతి ఒకటుంది. ఈ పేరు పెట్టినవారు చూసింది మనిషి చేతుల్ని. అందులో ఎద్దు లేదు.

అనువాదకులు దీన్ని ‘ఎర్రగుడ్డ ఊపడం’ అని రాయకూడదు. ఎర్రగుడ్డ చివరి ఘట్టంలోని ‘ములెటా’. ఈ కేప్ ఒకవైపు ముదురు గులాబీ, రెండోవైపు సాధారణంగా పసుపు. ‘వెరోనికా’ అనే ఉంచి, రెండు చేతుల సంగతి ఒక్క వాక్యంలో చెబితే చాలు.