పునాది కుంగుబాటు

కట్టడపు బరువుకు అడుగునున్న నేల అణగి, కట్టడం కొంత దిగిపోవడాన్ని పునాది కుంగుబాటు అంటారు. గట్టి రాతిపై ఇది లెక్కించదగినంత ఉండదు. మట్టిపై ఎంతో కొంత తప్పదు. ఇల్లంతా సమానంగా అంగుళం దిగినా పెద్ద నష్టం లేదు. ఒక మూల దిగి మరొక మూల నిలిచినప్పుడే గోడలు పగులుతాయి.

బరువు వ్యాపించే తీరు

పునాది కింద బరువు లోతుకు పోయేకొద్దీ పక్కలకు విస్తరించి పలచబడుతుంది. చతురస్రపు పునాది వెడల్పుకు రెట్టింపు లోతున ఒత్తిడి సుమారు పదోవంతుకు తగ్గుతుంది. కనుక చిన్న ఇంటికి హాని చేయని లోపలి మెత్తని పొర, విశాలమైన భవనానికి ప్రమాదకరం కావచ్చు. ఇసుక బరువు పడగానే అణుగుతుంది. బంకమన్ను సందులలోని నీరు మెల్లగా వెలికి రావలసి ఉన్నందున అందులో కుంగుబాటు ఏళ్ళ తరబడి సాగుతుంది. 1173లో మొదలైన పీసా గోపురం ఇటువంటి మెత్తని నేలపైనే ఒరిగింది. మధ్యలో దాదాపు నూరేళ్ళు పని ఆగడం వలన మన్ను గట్టిపడే వ్యవధి దొరికి, అది కూలకుండా నిలిచింది.

నల్లరేగడిలో

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో ఎర్రనేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఉన్నాయి. ఎర్రనేలలో చాలాచోట్ల తవ్వితే గరుసు, దాని కింద గ్రానైటు జాతి రాయి తగులుతాయి; పునాదికి చిక్కు లేదు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని నెర్రెలు విచ్చుతుంది. ఉబ్బే మట్టి పైకి నెట్టే ఒత్తిడి ఒంటి అంతస్తు ఇంటి బరువును మించవచ్చు. అందుచేత, వింతగా తోచినా, ఇక్కడ ముందుగా పగిలేవి తేలికపాటి ఇళ్ళు, ప్రహరీ గోడలే. వేసవిలో గోడల వెంబడి నేల త్వరగా ఆరుతుంది, గది నడిమి నేల తేమగానే ఉంటుంది. ఫలితంగా అంచులు దిగి, మధ్య బండపరుపు ఎత్తుగా నిలుస్తుంది. పగుళ్ళకు సిమెంటు పూసినంత మాత్రాన ప్రయోజనం లేదు, మరుసటి ఏడు మళ్ళీ విచ్చుతాయి. ఋతువులతో తేమ మారే లోతును, అనగా సాధారణంగా సుమారు 3.5 మీటర్లను, పునాది దాటాలి. ఇందుకు అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైలు పునాదులను వాడుతారు. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ వీటిని అభివృద్ధి చేసింది. గోడ చుట్టూ చప్టా వేసి, వాడుక నీరు దూరంగా పోయేట్లు చూడడం చౌకైన జాగ్రత్త.

ఇసుక, రాయి

ఇసుకపై కట్టిన ఆనకట్టలకు బరువుకంటే అడుగున పారే నీరే ఎక్కువ ప్రమాదకరం. గోదావరిపై 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకు పియర్లు కొన్ని కుంగాయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడమే ప్రధాన కారణమని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు పేర్కొన్నారు.

శ్రీశైలం జలాశయం నిండితే సుమారు 215 టి.ఎం.సి.లు, అనగా 600 కోట్ల టన్నులకు పైబడిన నీరు రాతిపై నిలుస్తుంది. ఇటువంటి భారానికి రాయి నలగదు గాని, లోతైన పగుళ్ళలో నీటి ఒత్తిడి పెరిగితే వాటి పట్టు సడలవచ్చు. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయనా వద్ద వచ్చిన భూకంపానికి అక్కడి జలాశయమే ప్రేరణ అని భూభౌతిక శాస్త్రజ్ఞులు పరిగణిస్తారు.